జాన్స్‌టౌన్ గోడ మీద మూడు గుర్తులు

సంపాదకులకు నమస్కారం.

అమెరికా అంటే మన పేపర్లలో డాలస్, న్యూజెర్సీ, వీసా టెన్షన్. చిన్న ఊళ్ల గురించీ అప్పుడప్పుడు రాయించండి. పెన్సిల్వేనియా రాష్ట్రం పిట్స్‌బర్గ్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు అదే రాష్ట్రంలోని జాన్స్‌టౌన్ చూశాం. 2020 లెక్కల్లో జనాభా 18 వేల పైచిలుకు. మన దగ్గర ఓ మోస్తరు మండల కేంద్రమంత!

సిటీ హాల్ గోడ మీద 1889, 1936, 1977 వరదలు ఎంత ఎత్తున వచ్చాయో గుర్తులు పెట్టారు. 1889 గుర్తు చూడాలంటే మెడ వెనక్కి వాల్చాల్సిందే. పైన కొండల్లో కోటీశ్వరుల క్లబ్బొకటి పాత మట్టి ఆనకట్టను కొనుక్కుంది. బగ్గీలు నడవడానికి కట్టను కాస్త తగ్గించింది. చేపలు తప్పించుకోకుండా అలుగుకి జాలీ బిగించింది. 1889 మే 31న కుండపోత వాన. చెత్త వచ్చి జాలీకి అడ్డం పడింది, నీళ్లు కట్ట మీదుగా పొర్లాయి, కట్ట తెగింది. 2,209 మంది పోయారు. క్లబ్బులో ఉక్కు వ్యాపారులు కార్నెగీ, ఫ్రిక్ లాంటివాళ్లు సభ్యులు. కోర్టుకెళ్లినవాళ్లకు పైసా రాలేదు. ఊరికి లైబ్రరీ మాత్రం కార్నెగీ కట్టించాడు, ఇప్పుడది వరద మ్యూజియం.

కొండ మీద శ్మశానంలో పేర్లు లేని తెల్లరాళ్లు వరసలుగా ఉన్నాయి. ఎవరో తెలియనివాళ్లే 750 మందికి పైగా. మా ఆవిడ కాసేపు లెక్కపెట్టి మానేసింది.

చెరువు అలుగులకు చేపల వలలు అడ్డంకట్టడం మా వైపూ మామూలే. ఈ వానాకాలం లోపు నీటిపారుదల శాఖవాళ్లు ఒకసారి చూస్తారా?

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్, ఖమ్మం