జాకెట్టు మీంచి ఈసీజీలు తీయకండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. గుండెపోటు గురించి మీ పేపర్లో తరచూ రాస్తున్నారు. ఏ లక్షణం కనపడితే ఆసుపత్రికి పరుగెత్తాలో, మొదటి గంట ఎంత విలువైనదో డాక్టర్లు బాగా చెప్తున్నారు. కానీ ఆసుపత్రికి చేరాక మొట్టమొదట జరిగే పని ఈసీజీ తీయడం, దాని గురించి మాత్రం ఎవరూ మాట్లాడటం లేదు. మిషన్ ఉంది కదా, బటన్ నొక్కితే కాగితం వస్తుంది కదా అనుకుంటారు. నేను ఇరవై రెండేళ్లుగా ఈసీజీలు తీస్తున్న ఆడ టెక్నీషియన్ని. బయట తీయించుకుని మా దగ్గరికి పట్టుకొచ్చే కాగితాల్లో డాక్టరు చూడటానికి కూడా పనికిరానివి ఎన్నో చూశాక ఇక ఆగలేక రాస్తున్నాను.

మొన్నామధ్య మా పిన్నికి కంటిశుక్లం ఆపరేషన్ అనుకున్నారు. ముందు చేసే పరీక్షల్లో భాగంగా ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఈసీజీ తీశారు. మిషన్ తనంతట తాను ప్రింట్ చేసే వాక్యంలో, గతంలో గుండెపోటు వచ్చి ఉండొచ్చని వచ్చింది. అంతే, ఆపరేషన్ ఆపేసి, ముందు గుండె డాక్టరుకి చూపించుకోండి అని పంపేశారు. ఆవిడ వారం రోజులు సరిగ్గా నిద్రపోలేదు, కొడుకు బెంగళూరు నుంచి సెలవు పెట్టుకుని వచ్చేశాడు, ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. నాకు ఆ కాగితం చూడగానే అనుమానం వచ్చి, "పిన్నీ, బల్బులు ఎక్కడెక్కడ పెట్టారు?" అని అడిగాను. బల్బులంటే గుండె సంకేతాలు అందుకోవడానికి ఛాతీకి అంటించే రబ్బరు బుడ్డీలు. జాకెట్టు విప్పమనలేదట. పై హుక్కు ఒక్కటి తీసి మెడ కింద అందిన చోట రెండు బల్బులు పెట్టి, మిగిలినవి కింద నుంచి లోపలికి దూర్చారట. పక్కన మగ పేషెంటు కూర్చునే ఉన్నాడట, మధ్యలో కర్టెన్ కూడా లేదట. మర్నాడు నేనే పడుకోబెట్టి, పక్కటెముకలు లెక్కపెట్టి, మళ్ళీ తీశాను. మా డాక్టరుగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసి, పాత గుండెపోటు గుర్తులేవీ లేవన్నారు. ఆ నెలలోనే ఆపరేషన్ అయింది.

తప్పంతా ఆ బల్బులు పెట్టిన అమ్మాయిది అని నేను అనను. ఆ అమ్మాయికి ఎవరూ నేర్పలేదు, చాటు లేని గదిలో ఒక పెద్దావిడ చేత జాకెట్టు విప్పించడానికి ఆమెకీ మొహమాటమే, బయట ఇంకా పదిమంది లైన్లో ఉన్నారు.

అసలు లెక్క ఇదీ. ఛాతీ మీద పెట్టే ఆరు బల్బుల్లో వీ1, వీ2 అనే మొదటి రెండూ నాలుగో పక్కటెముక కింది సందులో, ఛాతీ మధ్య ఎముకకి కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి పెట్టాలి. ఆ సందు కంటితో చూసి పోల్చుకునేది కాదు, తడిమి చూడాల్సిందే. గొంతు గుంట దగ్గర వేలు పెట్టి కిందికి జార్చుకుంటూ వస్తే ఓ ఐదు సెంటీమీటర్ల దగ్గర అడ్డంగా చిన్న గట్టు తగులుతుంది. ఆ గట్టు పక్కన ఉన్నది రెండో పక్కటెముక, దాని కింద రెండో సందు, అక్కణ్ణుంచి మూడు, నాలుగు అని దిగాలి. సన్నగా ఉన్నవాళ్లకైనా, లావుగా ఉన్నవాళ్లకైనా ఇదే పద్ధతి. ఈ రెండూ ఒకటి రెండు సందులు పైకి పోయాయంటే, ఛాతీ బల్బులు గీసే గీతల్లో, అంటే ముందు లీడ్స్‌లో ఒకదాని తర్వాత ఒకటి ఎదుగుతూ రావాల్సిన ఆర్ అల (పైకి లేచే సూది కొన) ఎదగదు, ఎప్పుడో గుండెపోటు వచ్చి ఆ కండరం దెబ్బతిన్నట్టు కనపడుతుంది. మా పిన్నికి జరిగింది అదే. తర్వాత వీ4 పెట్టాలి, ఐదో సందులో, కాలర్ బోన్ నడిమి నుంచి తిన్నగా కిందికి వచ్చే చోట. వీ2కీ వీ4కీ సరిగ్గా మధ్యలో వీ3. వీ5, వీ6 మాత్రం వీ4 ఎంత ఎత్తులో ఉందో అదే ఎత్తులో పక్కకి వెళ్లాలి, చంక ముందు అంచు కింద ఒకటి, చంక నడిమి కింద ఒకటి. చాలామంది పక్కటెముక వంపు వెంబడి వీటిని పైకి ఎక్కించేస్తారు, అది తప్పు. ఆడవాళ్లకి ఏం చేయబోతున్నామో ముందు చెప్పి, ఒప్పుకున్నాక, రొమ్ముని చేతి వెనక వైపుతో కొంచెం పైకెత్తి దాని కింద పెడతాం. పైన దుప్పటి కప్పి చేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

చేతులకీ కాళ్లకీ పెట్టే క్లిప్పులు ఇంకా తేలిక అనుకుంటారు గానీ అక్కడా పొరపాట్లే. మన దగ్గర ఎక్కువగా వాడే తీగల్లో ఎరుపు కుడి చేతికి, పసుపు ఎడమ చేతికి, ఆకుపచ్చ ఎడమ కాలికి, నలుపు కుడి కాలికి. అమెరికా పద్ధతి తీగలు వస్తే అందులో ఎరుపు ఎడమ కాలిది, నలుపు ఎడమ చేతిది, అందుకే రంగుని నమ్ముకోకుండా తీగ మీద ఉన్న అక్షరం చూడాలి. రెండు చేతులవీ తారుమారైతే లీడ్ 1 మొత్తం తలకిందులవుతుంది, మామూలుగా కిందికి ఉండే ఏవీఆర్ అనే గీత పైకి లేస్తుంది. ఏవీఆర్ పైకి కనపడితే కాగితం చింపి డాక్టరు చేతిలో పెట్టే ముందు ఒక్కసారి మంచం దగ్గరికి వెళ్లి తీగలు చూసుకోండి. అరనిమిషం పని.

గీతలు వణకడం ఇంకో బాధ. రంపం పళ్లలా సన్నగా, ఒకే తీరుగా వణుకుతుంటే అది కరెంటు. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది, పేపరు సెకనుకి 25 మిల్లీమీటర్లు నడుస్తుంది కాబట్టి ఐదు మిల్లీమీటర్ల పెద్ద గడి ఒకదానిలో సరిగ్గా పది పళ్లు లెక్కపెట్టొచ్చు. చాలా బిల్డింగుల్లో ఎర్తింగ్ సరిగ్గా ఉండదు, అలాంటి చోట ప్లగ్గు పీకేసి బ్యాటరీ మీద తీస్తే సగం సమస్య పోతుంది. పేషెంటు చెయ్యి ఇనప మంచానికి తగలకుండా చూడాలి, దిండు పక్కన ఛార్జింగులో ఉన్న ఫోను తీసేయాలి. వణుకు ఒక తీరుగా లేకుండా గజిబిజిగా ఉంటే అది ఒంటి వణుకు, ఏసీ గదిలో చలికి, లేదా భయానికి. అప్పుడు ఏసీ ఆపి దుప్పటి కప్పి, "ఇందులో కరెంటు మీ ఒంట్లోకి రాదమ్మా, నొప్పి ఉండదు" అని చెప్తే చాలు, చూస్తుండగానే గీత సర్దుకుంటుంది. ఆ మాట చెప్పే ఓపిక లేక చాలామంది ఫిల్టర్ బటన్ నొక్కేస్తారు. గీత నున్నగా వస్తుంది నిజమే, కానీ దానితోపాటు అలల కొనలు కూడా కొంత అరిగిపోతాయి, గుండెపోటు తెలుసుకోవడానికి డాక్టరు చూసే ఎస్టీ భాగం కొన్ని ఫిల్టర్లతో రూపమే మారిపోవచ్చు. ముందు కారణం వెతకండి, ఇంకేమీ కుదరనప్పుడే ఫిల్టరు, అది వేశారని కాగితం మీద ఉండాలి.

జెల్లీ కూడా ఛాతీ మీద అటు నుంచి ఇటు ఒకే చారలా పూసేస్తున్నారు. అలా పూస్తే ఆరు బల్బులూ ఒకదానితో ఒకటి కలిసిపోయి అన్ని లీడ్స్ ఒకేలా వస్తాయి. చుక్క చుక్కగా విడివిడిగా పెట్టాలి.

ఒక రాత్రి ఒక కౌలు రైతుని తీసుకొచ్చారు, గ్యాస్ పట్టేసిందంటున్నారు ఇంట్లోవాళ్లు. ఒళ్లంతా చెమట, బల్బు పెడితే జారిపోతోంది, మొదటి కాగితంలో పిచ్చిగీతలు తప్ప ఏమీ లేవు. టవల్‌తో ఛాతీ పొడిగా తుడిచి, చేతుల మీద కూడా తుడిచి మళ్ళీ పెట్టాక 2, 3, ఏవీఎఫ్ లీడ్స్‌లో గీత పైకి లేచి గుండెపోటు స్పష్టంగా కనపడింది. డాక్టరుగారు వెంటనే కుడి వైపు లీడ్స్ కూడా తీయమన్నారు. ఛాతీ నొప్పితో వచ్చినవాళ్లకి ఈసీజీ పది నిమిషాల్లోపు తీయాలి, ఆ తొందర న్యాయమైనదే. కానీ తుడవడానికి, ఎముకలు లెక్కపెట్టడానికి నాకు పట్టింది రెండు నిమిషాలు. ఇప్పుడు చిన్న ఆసుపత్రుల్లో తీసిన ఈసీజీని ఫోన్లో పెద్దాసుపత్రి డాక్టరుకి పంపి, ఆయన చెప్పగానే రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి వచ్చింది. ఎక్కడో కూర్చున్న ఆ డాక్టరుకి పేషెంటు కనపడడు, ఆయన కళ్లకి కనపడేది మేం పంపిన ఆ కాగితమే.

మామూలు పరీక్షకి వచ్చే పాఠకులకి కూడా కొన్ని చెప్పాలి. మెట్లెక్కి వచ్చిన వెంటనే తీయమనకండి, ఐదు నిమిషాలు పడుకోండి. ఆ రోజు ఛాతీకి కొబ్బరినూనె, నొప్పుల బామ్ రాసుకోకండి, బల్బు పట్టుకోదు. తీస్తున్నంతసేపు మాట్లాడకండి, నవ్వకండి, ఫోను ఎత్తకండి. పాత ఈసీజీలు ఉంటే తప్పకుండా తెచ్చుకోండి, కొత్తదాన్ని దానితో పోల్చి చూస్తేనే డాక్టరుకి చాలా సంగతులు తెలుస్తాయి. దయచేసి వాటిని లామినేషన్ చేయించకండి, అది వేడికి నల్లబడే కాగితం, లామినేషన్ మిషన్లో పెడితే మొత్తం నల్లగా అయిపోతుంది. తీసిన రోజే జిరాక్స్ తీయించుకోండి. ఇంకో మాట, ఒక ఈసీజీ నార్మల్ వచ్చినా నొప్పి తగ్గకపోతే ఇంటికి వెళ్లిపోకండి, మళ్ళీ తీయమని అడగండి. మొదట్లో ఏమీ కనపడకుండా తర్వాత కనపడిన కేసులు నేను చూశాను.

ఆసుపత్రులు నడిపేవాళ్లని నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. ఈసీజీ తీసే చోట ఒక కర్టెన్, ఒక దుప్పటి, ఆడవాళ్లకి తీయడానికి ఒక ఆడమనిషి. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లని పంపకుండా, కనీసం ఒక పూట నేర్చుకున్నవాళ్లనే పంపండి. మా చుట్టుపక్కల క్లినిక్కుల్లో కొత్తగా చేరిన అమ్మాయిలకి నేర్పడానికి ఆదివారాలు నేను వస్తాను, డబ్బులేమీ అక్కర్లేదు. ఎడిటర్ గారూ, నా పేరు వేయకండి గానీ, ఎవరైనా మీ ఆఫీసుకి ఫోను చేసి అడిగితే మాత్రం నా నంబరు ఇవ్వండి.

ఇట్లు,
ఒక ఈసీజీ టెక్నీషియన్,
పశ్చిమ గోదావరి జిల్లా