కురిసే కప్పు వేరు, కుంగే కప్పు వేరు

సంపాదకుల వారికి నమస్కారములు.

వానాకాలం ముందు మా కల్వకుర్తి చుట్టుపక్కల ఊళ్లలో ఇంటి కప్పు గురించి అడిగే ప్రశ్న ఒక్కటే: "కురుస్తున్నదా?" కురవకపోతే ఈ ఏడు గడిచినట్టేనని, కురిస్తే పైన నాలుగు తట్టల చౌడు మట్టి పోయిస్తే సరిపోతుందని అనుకుంటారు. ముప్పై నాలుగేళ్లు పల్లె బడుల్లో పనిచేసి, అందులో సగం కాలం మట్టి కప్పున్న మిద్దె ఇళ్లలోనే అద్దెకున్న నాకు ఈ ప్రశ్న చాలదనిపిస్తున్నది. కురిసే కప్పును బాగుచేసుకోవచ్చును. కుంగే కప్పును దించి కొత్తది వేసుకోవాలి. ఈ రెంటికీ తేడా తెలియక ప్రాణాలు పోతున్నాయి. 2024 జూలై మొదట్లో నాగర్‌కర్నూల్ మండలం వనపట్లలో మట్టి మిద్దె కూలి ఒక తల్లి, ఆమె ముగ్గురు పిల్లలు చనిపోయిన వార్త చదివిన నాటి నుంచి ఈ ఉత్తరం రాయాలన్న ఆలోచన నన్ను వదలలేదు.

పాలమూరు పల్లెల్లో ఇప్పటికీ ఎందరో మిద్దెల కిందనే పడుకుంటున్నారు కనుక ముందుగా ఆ సంగతి చెప్పాలి. గోడల మీద దూలం, దూలం మీద దంతెలు (అడ్డంగా వేసే సన్న కర్రలు), వాటి మీద కట్టెలో బండలో పరిచి ఆ పైన మట్టి, అన్నిటికన్నా పైన చౌడు వేస్తారు. చౌడు తడిస్తే మెత్తబడి సందులను పూడ్చి నీటిని కిందికి దిగనివ్వదు. అందుకే మన పెద్దలు దానిని ఎంచుకున్నారు. అయితే వాన ఏటా కొంత చౌడును కడిగేస్తుంది, మనం అంతకన్నా ఎక్కువే తెచ్చి పోస్తాము. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న గది మీద ఒక్క అంగుళం మట్టి సుమారు 4 క్వింటాళ్లు తూగుతుంది. అడుగు మందం ఉంటే దాదాపు 50 క్వింటాళ్లు. ఇది పొడిమట్టి లెక్క. మూడు రోజుల ముసురులో తడిసిన మట్టి ఇంకా బరువెక్కుతుంది, అదే సమయానికి కింది మట్టిగోడలు నాని బలం కోల్పోతాయి. ఎక్కువ ఇళ్లు జోరువానలో కాక, ముసురు పట్టిన రాత్రిళ్లలోనో, వాన వెలిసిన మరునాడో కూలడానికి కారణమిదే.

మా నాన్నగారి ఇంటిని 2010 వేసవిలో విప్పించినప్పుడు నడింటి మీద 18 అంగుళాల మట్టి తేలింది. కట్టిన నాడు అది తొమ్మిది అంగుళాలకు మించి లేదని, ఆ ఇల్లు కట్టిన మేస్త్రి కొడుకే వచ్చి చూసి చెప్పాడు. అంతకు ముందు 2009 అక్టోబరు వానలకు మా జిల్లా అంతా అల్లాడినప్పుడు ఆ ఇంట్లో ఒక్క చుక్క కూడా పడలేదు. పైన అంత మట్టి ఉన్నందువల్లనే కురవలేదు, ఆ మట్టి వల్లనే నడిమి దూలం మూడు వేళ్ల మందం కుంగింది. "తుమ్మ దూలం, నా తర్వాత కూడా ఉంటుంది" అని నాన్న ధీమాగా ఉండేవారు. దించి చూస్తే దూలం నడుమ గట్టిగానే ఉన్నది కానీ, గోడలో దాగిన కొన చేత్తో నలిపితే పొడి అయ్యేంతగా పుచ్చిపోయింది. గాలి తగలక, గోడ తడి వదలక ఆ కొనే ముందుగా చెడుతుంది. మాకు అది కంటికి కనబడలేదు. ఆ దూలం కింద మా పిల్లలు ఒక వానాకాలం అంతా పడుకున్నారని తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె జారుతుంది.

కాబట్టి మిద్దె ఉన్నవారు గోడ దగ్గర దూలం కొనను ఉలితో గుచ్చి చూడవలసిందిగా కోరుతున్నాను. ఉలి అర అంగుళం మించి సులువుగా దిగితే, పైన ఎంత చౌడు పోసినా ఆ కప్పు నిలవదు. వాన లేని రోజుల్లో కూడా దంతెల సందుల నుంచి మట్టి రాలడం, గోడ మీద చెదల దారులు దూలం దాకా పాకడం, నిన్నటి వరకు సాఫీగా పడిన తలుపు హఠాత్తుగా పట్టుకోవడం కూడా అలక్ష్యం చేయదగినవి కావు. దూలం కింద గుంజ పాతి ఏళ్ల తరబడి వదిలేయడం మన దగ్గర అలవాటు. గుంజ కొన్ని వారాలు ఆసరా ఇవ్వవచ్చును, ఆ వ్యవధి ఇల్లు ఖాళీ చేయడానికి మాత్రమే.

స్లాబు వేసుకున్నవారు తమకు ఈ బాధ లేదనుకుంటారు. మా ఇప్పటి ఇంటి స్లాబు 1994 నాటిది. ముందుగా పెచ్చులు రాలినప్పుడు ఒక మేస్త్రి సిమెంటు పూసి, సున్నం వేసి వెళ్లాడు. రెండేళ్లకు అదే చోట అరచేతి మందం పెచ్చు మంచం మీద పడింది. లోపలి ఇనుము తుప్పు పట్టితే రెండింతలకు మించి ఉబ్బి కాంక్రీటును కిందికి తోస్తుంది. ఆ తుప్పును గీకి తీయకుండా పైన పూసినదేదీ నిలవదు. ఇనుప కడ్డీల వరుస వెంబడే సాగే పగుళ్లు, గోధుమరంగు మరకలు, కర్రతో తట్టితే వినిపించే డొల్ల శబ్దం కనబడితే మేస్త్రిని కాక ఇంజనీరును పిలవాలి. ఈ గోడ నుంచి ఆ గోడకు దారం బిగించి కట్టి చూస్తే కుంగుబాటు తెలుస్తుంది. పన్నెండడుగుల గదిలో అది సుమారు 15 మిల్లీమీటర్లు దాటితే ఉపేక్షించరాదు. తడి ఆపడానికని స్లాబు మీద మరో రెండంగుళాల కాంక్రీటు వేయించేవారున్నారు. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న గదికి అది పది క్వింటాళ్లకు పైగా అదనపు బరువు. మిద్దె మీద చౌడు పోసి మేము చేసిన పొరపాటే ఇదీనూ. కొత్త స్లాబు వేయించేవారు నీటిని కూడా పరీక్ష చేయించాలి; ఇనుము వేసే కాంక్రీటుకు వాడే నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడు (ఉప్పులో ఉండే పదార్థం) ఉండరాదని భారతీయ ప్రమాణం చెబుతున్నది. మన నల్లగొండ, పాలమూరు బోర్లలో ఉప్పు నీళ్లు పడే చోట్లు తక్కువేమీ కావు.

పెంకుల ఇళ్లకు, రేకుల ఇళ్లకు కోతులతోనే పెద్ద బెడద. పగిలిన పెంకు, రేకు మార్చుకోవడం సులువే, చూడవలసింది వాసాలను. పాత సిమెంటు రేకులను తీసేటప్పుడు మాత్రం ముందుగా తడిపి, ముక్కలు చేయకుండా దించాలి. ఆ దుమ్ములోని ఆస్బెస్టాస్ ఊపిరితిత్తులకు ప్రమాదకరం.

అధికారులకు ఒక విన్నపం. 2019 సెప్టెంబరులో పంచాయతీల ముప్పై రోజుల ప్రణాళికలో పాడుబడిన ఇళ్లను తొలగించే పని పెట్టారు. అది మంచి పనే, అయితే మనుషులు కాపురముంటున్న శిథిల ఇళ్లకు కూడా అటువంటి లెక్క ఉండాలి. ఇందిరమ్మ ఇంటికి ప్రభుత్వం ఇచ్చే 5 లక్షల సాయం అందరికీ ఒకేసారి అందదు. అందేలోగా రోహిణి కార్తెలోనే పంచాయతీరాజ్ ఇంజనీరు ఒక్కరు ఉలి, దారం పట్టుకుని ఊరిలోని మిద్దెలన్నీ తిరిగి, ప్రమాదకరమైన వాటి జాబితాను పంచాయతీ కార్యాలయంలో అంటించాలి. మృగశిర నుంచి ఆ ఇళ్లవారు రాత్రిళ్లు పడుకోవడానికి బడిలోనో, కమ్యూనిటీ హాలులోనో తాళం తెరిచి ఉంచాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ జిల్లా