స్టేట్‌హౌస్‌లో ఒకప్పటి సెనేటర్

అమ్మలూ,

నీ ఆఫీసుకి వెళ్లే దారిలోనే కొలంబియా స్టేట్‌హౌస్, అదే మీ సౌత్ కరోలినా రాష్ట్ర శాసనసభ భవనం, ఉందని చెప్పావు కదా. ఈసారి అటు వెళ్లినప్పుడు గోడల మీద కంచు నక్షత్రాలు ఎక్కడెక్కడున్నాయో చూడు. బానిసత్వం మీద ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు కొట్టుకున్న అమెరికా అంతర్యుద్ధంలో, 1865లో ఉత్తరాది సేనాని షెర్మన్ సైన్యం పేల్చిన ఫిరంగి గుళ్లు తగిలిన చోట్లవి. చెరిపెయ్యకుండా గుర్తు పెట్టుకున్నారు. యుద్ధం ముగిసిన మూడేళ్లకే, షెర్మన్ పక్షాన పోరాడిన ఒక నల్లజాతి సైనికుడు అదే రాష్ట్రంలో సెనేటరయ్యాడు. పేరు స్టీఫెన్ ఆట్కిన్స్ స్వేల్స్. సోషల్ పాఠాలు చెప్పినన్నాళ్లూ నేను పిల్లలకి లింకన్‌తోనే ఆపేసేదాన్ని, సిలబస్‌లో అంతే ఉండేది. నువ్విప్పుడు ఆ ఊళ్లోనే ఉన్నావు కాబట్టి మిగతాది నీకు చెప్పాలనిపించింది.

ఆయన పుట్టింది 1832లో, పెన్సిల్వేనియాలో. ఆ ఊరి పేరు కూడా కొలంబియానే. బానిసగా పుట్టలేదు, స్వతంత్రుడే. న్యూయార్క్ రాష్ట్రంలో హోటల్లో వెయిటరుగా, తర్వాత పడవల మీద పని చేసుకుంటూ భార్యాపిల్లలతో బతుకుతున్నాడు. 1863 ఏప్రిల్‌లో 54వ మసాచుసెట్స్ పటాలంలో చేరాడు. సైనికులంతా నల్లవాళ్లు, ఆఫీసర్లంతా తెల్లవాళ్లు. జులై 18న సౌత్ కరోలినాలో చార్లెస్టన్ దగ్గర దక్షిణాది వాళ్ల కోట ఫోర్ట్ వాగ్నర్ మీదికి ఈ పటాలాన్నే ముందు పంపారు. వెళ్లినవాళ్లు దాదాపు 600 మంది. చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, పట్టుబడ్డవాళ్లు కలిపి 270కి పైగా. పటాలం నాయకుడు కల్నల్ షా కోట గోడ మీదే ప్రాణం విడిచాడు. స్వేల్స్ బతికి బయటపడ్డాడు.

నేను నీకు చెప్పాలనుకున్నది ఈ యుద్ధం సంగతి కాదు, జీతం సంగతి.

తెల్ల సిపాయికి నెలకి 13 డాలర్లు, బట్టల ఖర్చు వేరు. నల్ల సిపాయికి 10 డాలర్లు, అందులోంచి బట్టలకని 3 కోసేస్తారు. చేతికొచ్చేది 7. చేరేటప్పుడు మాత్రం అందరితో సమానంగా ఇస్తామనే చెప్పారు. అందుకని ఆ పటాలం మొత్తం జీతమే వద్దంది. తగ్గించి ఇచ్చేది పైసా కూడా ముట్టుకోమన్నారు. మసాచుసెట్స్ ప్రభుత్వం మనసు కరిగి, తేడా మేమిస్తాం, తీసుకోండంది. దానికీ ఒప్పుకోలేదు. మాట ఇచ్చింది అమెరికా ప్రభుత్వం, ఇవ్వాల్సింది అదే అన్నారు. తల్లీ, నాకు ఆ రెండో కాదనడమే గొప్పగా కనిపిస్తుంది. డబ్బు చేతికందే దాకా వచ్చింది, ఇళ్ల దగ్గర పొయ్యి వెలగడం లేదు, అయినా తీసుకోలేదు. ఏడాది పైగా జీతం లేకుండా తుపాకీ పట్టారు.

1864 జనవరిలో స్వేల్స్ పైఅధికారులకి నేరుగా ఉత్తరం రాశాడు. మీరు ఒప్పందం తప్పారు, నా కుటుంబానికి ఆధారం లేదు, నన్ను సైన్యం నుంచి విడుదల చెయ్యండి అని. విడుదల చెయ్యలేదు. నెల తిరగగానే ఫ్లోరిడాలో ఓలస్టీ యుద్ధంలో తలకి పెద్ద గాయమైంది. ఆ ధైర్యం చూసి, షా తర్వాత పటాలం నాయకుడైన కల్నల్ హాలోవెల్ సిఫారసు చేస్తే, మసాచుసెట్స్ గవర్నర్ జాన్ ఆండ్రూ మార్చిలో ఆయన్ని సెకండ్ లెఫ్టినెంట్ చేశాడు. అప్పుడు యుద్ధశాఖ అడ్డుపడింది. ఆఫ్రికా సంతతివాడు కాబట్టి ఆఫీసరుగా నమోదు చెయ్యం అంది. గవర్నర్ ఇచ్చిన కాగితం చేతిలో ఉంది, హోదా మాత్రం లేదు. కల్నలూ గవర్నరూ వదలకుండా రాస్తూనే ఉన్నారు. చివరికి 1865 జనవరిలో ఒప్పుకున్నారు.

జీతం గొడవ 1864 జూన్‌లో తెగింది. కానీ చట్టంలో ఒక మెలిక పెట్టారు. 1861 ఏప్రిల్ 19 నాటికి స్వతంత్రులుగా ఉన్నవాళ్లకే చేరిన రోజు నుంచి పూర్తి బకాయి. పటాలంలో బానిసత్వం నుంచి పారిపోయి వచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లేం చెయ్యాలి? హాలోవెల్ ఒక ప్రమాణం తయారుచేశాడు. ఆ తేదీకి గానీ అంతకుముందు గానీ నా చేత ఊరికే చాకిరీ చేయించుకునే హక్కు ఏ మనిషికీ లేదు, అని. చూడు ఎంత పకడ్బందీగా ఉందో! ఏ చట్టం ప్రకారం అని అడగలేదు కాబట్టి, దేవుడి ముందు నేనెవరికీ బానిసను కాదనుకున్న ప్రతి మనిషీ అబద్ధమాడకుండా చెయ్యి ఎత్తగలిగాడు. స్వేల్స్‌కి ఆ మెలికతో ఇబ్బంది లేదు, స్వతంత్రుడే కదా. కానీ ఒక్కరినీ వదిలిపెట్టకుండా అందరికీ వచ్చేలా చూసుకున్నారు.

యుద్ధమయ్యాక ఆయన ఉత్తరాదికి తిరిగి వెళ్లిపోకుండా సౌత్ కరోలినాలోనే ఉండిపోయాడు. విడుదలైన బానిసల కోసం పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరోలో పనిచేశాడు. విలియమ్స్‌బర్గ్ కౌంటీలో కింగ్స్‌ట్రీ అనే చిన్న ఊళ్లో స్థిరపడి లాయరయ్యాడు, మేయరయ్యాడు, పత్రిక నడిపాడు. 1868లో రాష్ట్ర రాజ్యాంగం రాసిన సభలో సభ్యుడు. ఆ సభలో నల్లవాళ్లే ఎక్కువ. వాళ్లు రాసిన దాంట్లో రంగు చూడకుండా పిల్లలందరికీ బడి ఉంది. ఆస్తి ఉంటేనే పదవి అనే పాత నియమం తీసేశారు. పెళ్లయిన ఆడదాని ఆస్తి భర్త అప్పులవాళ్ల పాలు కాకూడదన్నారు. అదే ఏడాది స్వేల్స్ రాష్ట్ర సెనేటుకి ఎన్నికై పదేళ్లున్నాడు. మూడు దఫాలు సెనేట్ ప్రెసిడెంట్ ప్రో టెమ్, అంటే అసలు అధ్యక్షుడు లేనప్పుడు సభ నడిపేవాడు, అయ్యాడు. లెఫ్టినెంట్‌గా పనికిరాడన్న మనిషి సభాధ్యక్షుడి కుర్చీలో కూర్చున్నాడు.

ఎంతో కాలం సాగనివ్వలేదు. 1876 ఎన్నికల్లో నల్లవాళ్లని ఓటు వెయ్యనివ్వకూడదని ఎర్రచొక్కాల తెల్లవాళ్ల ముఠాలు తుపాకులతో ఊళ్ల మీద పడ్డాయి. 1878లో స్వేల్స్‌ని బెదిరించి కింగ్స్‌ట్రీ నుంచి తరిమేశారు. వాషింగ్టన్‌లో పోస్టాఫీసులో, ఖజానా శాఖలో ఉద్యోగం చేసుకున్నాడు. 1895లో ఆ రాష్ట్రం కొత్త రాజ్యాంగం రాసుకుని నల్లవాళ్ల ఓటు దాదాపు లాగేసుకుంది. ఆయన 1900లో కింగ్స్‌ట్రీలోనే పోయాడు. చార్లెస్టన్‌లో సమాధి చేశారు. దాని మీద పేరు చెక్కిన రాయి పెట్టింది 2006లో!

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న ఫోన్‌లో నువ్వన్నమాట నాకు మనసులో పడింది. లీడ్ పని ఏడాదిగా నీ చేత చేయిస్తూ, హోదా జీతం తర్వాత చూద్దాం అంటున్నారన్నావు. వీసా వాళ్ల చేతిలో ఉంది కదమ్మా అని నువ్వే సర్దిచెప్పుకున్నావు. వీసా కష్టం నాకు తెలుసు, ఉద్యోగం వదిలెయ్యమని చెప్పను. బానిసత్వంతో నీ ఆఫీసుని పోల్చడం లేదు కూడా. కానీ నోటిమాటతో ఊరుకోకు. ఏ తేదీన ఏం చెప్పారు, అప్పటినుంచి నువ్వేం చేస్తున్నావు, నీకేం రావాలి, ఇవి రాసి పంపు. పెట్టిన మెయిలుకి జవాబు రాకపోతే ఇంకొకటి పెట్టు. నీతోపాటు ఇంకో ఇద్దరిదీ ఇదే పరిస్థితి అన్నావు, వాళ్లనీ కలుపుకో. నీకొక్కదానికే కొంచెం పెంచి నోరు మూయించాలని చూస్తే ఒప్పుకోకు.

నాన్నగారు కులాసా. కంది పొడి, గోంగూర పచ్చడి వచ్చేవారం బయల్దేరే వాళ్లతో పంపుతున్నా. ఏం రాశావో ఆదివారం ఫోన్‌లో చదివి వినిపించు.

ప్రేమతో,
అమ్మ