కారులో డిజిటల్ రేడియో ఉంది, వరంగల్‌లో పలకదు

సంపాదకులు గారికి,

పోయిన దసరాకు మా ఇంట్లో కొత్త కారు కొన్నాం. స్క్రీన్ మీద ఎఫ్ఎం, ఏఎం పక్కన డీఆర్ఎం (ఒక రకం డిజిటల్ రేడియో) అని ఇంకో బటన్ కనిపించింది. ఏమిటని షోరూంలో అడిగితే, ‘అది మన దగ్గర రాదు సార్, బ్లూటూత్ పెట్టుకోండి’ అన్నారు. డబ్బులు పెట్టి కొన్నదాన్ని ఎందుకు వదిలేయాలి? వారం రోజులు వెతికాను. ఆకాశవాణి డిజిటల్ ప్రసారాలు మీడియం వేవ్‌లో (ఏఎంలో) వస్తాయని తెలియక ఎఫ్ఎంలో వెతకడం నా తెలివితక్కువే అనుకోండి.

ఒకరోజు పెళ్లికి ఖమ్మం వెళ్తూ మహబూబాబాద్ దాటాక మళ్లీ ప్రయత్నించాను. విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ కదా, ఆ పక్కనే డిజిటల్ దొరికింది. దొరికాక కూడా కొన్ని సెకన్లు ఆగాలి, అప్పుడు గానీ స్టేషన్ పేరు, మాట రావు. పాత రేడియోలా గరగర ఉండదు. వస్తే శుభ్రంగా వస్తుంది, సిగ్నల్ తగ్గిందంటే ఉన్నట్టుండి మూగబోతుంది. సెట్టు పాడైందని టెన్షన్ పడ్డాను. చివరికి సాకెట్‌లో పెట్టిన చవక మొబైల్ చార్జర్ సిగ్నల్‌కు అడ్డం పడుతోందని తెలిసింది, పీకేస్తే మళ్లీ పలికింది. డాష్‌క్యామ్‌తో కూడా ఇదే గొడవ రావచ్చు. ఈ నాలుగు ముక్కలు కారు ఇచ్చేటప్పుడే ఒక కాగితం మీద రాసిస్తే ఏం పోతుంది?

అసలు బాధ వేరే. వరంగల్ ఆకాశవాణి 103.5 ఇంకా పాత పద్ధతి ఎఫ్ఎంలోనే ఉంది. ప్రైవేటు డిజిటల్ రేడియోను ముందు 13 నగరాల్లో మొదలుపెట్టాలని 2025 అక్టోబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫారసు చేసింది. అందులో హైదరాబాద్ ఉంది, వరంగల్ లేదు. దేశమంతటికీ ఒకే టెక్నాలజీ ఎంచుకోవాలని కూడా చెప్పింది. అది డీఆర్ఎం కాకపోతే ఇప్పటికే లక్షల కార్లలో ఉన్న ఈ రేడియోల గతేమిటి? డీఆర్ఎమ్మే అయినా, మీడియం వేవ్ పట్టే మా సెట్లు ఎఫ్ఎం బ్యాండ్‌లో వచ్చే డిజిటల్‌ను పడతాయా, సాఫ్ట్‌వేర్ మార్చాలా, దానికి డబ్బు ఎవరు పెట్టాలి? కార్ల కంపెనీలు ఇప్పుడే చెప్పాలి.

ఇది పాటల కోసం పడే ఆరాటం కాదు. 2023 జులైలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచినప్పుడు జనం ఇళ్ల కప్పులెక్కి, చెట్లెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. డిజిటల్ రేడియోలో అత్యవసర హెచ్చరిక సదుపాయం ఉంది. వేరే స్టేషన్ వింటున్నా సెట్టు తనంతట తానే హెచ్చరికకు మారుతుంది, స్క్రీన్ మీద అక్షరాల్లోనూ చూపిస్తుంది. అలాంటిది ముందు కావలసింది వాగులున్న మా భూపాలపల్లి, ములుగు దారుల్లోనా, మహానగరాల్లోనా?

వరంగల్ కేంద్రానికి డిజిటల్ ఎప్పుడిస్తారో ప్రసార భారతి తేదీతో సహా చెప్పాలి. అప్పటిదాకా మేం 103.5 మీదే ఉంటాం, పరకాల దాటాక గరగరమన్నా సరే.

ఒక పాఠకుడు,
నయీంనగర్, హన్మకొండ