అడిగే ధర వేరు, అమ్ముడుపోయే ధర వేరు

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో ఇళ్ల కొనుగోళ్లు మందగించినా ధరలు మాత్రం తగ్గలేదని, కాబట్టి ఆ ధరలు సబబైనవేనని కొంతకాలంగా స్థిరాస్తి పేజీల్లో తరచూ చదువుతున్నాను. ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, అందులో చివరి పదకొండేళ్లు గృహరుణాల దరఖాస్తులే చూసినవాడిగా, ఈ వాదనలో ఉన్న పొరపాటును పాఠకుల ముందు పెట్టాలని ఈ లేఖ రాస్తున్నాను. అమ్మకాలు పడిపోయిన రోజుల్లో నిలబడి ఉండేది అమ్మేవాడు చెప్పే ధర. కొనేవాడు నిజంగా ఎంత కట్టి తీసుకున్నాడో మనకు ఎవరూ చెప్పడం లేదు. ఈ రెండూ ఒకటే అనుకుని ఇరవై ఏళ్ల అప్పుకు సంతకం పెడుతున్న కుటుంబాలను చూస్తుంటే నాకు దిగులుగా ఉంది.

మొన్న మా మేనల్లుడు తెల్లాపూర్ వైపు ఒక ప్రాజెక్టులో ఫ్లాటు చూసివచ్చి, అక్కడ ఇచ్చిన ప్రైస్ షీటు నా చేతిలో పెట్టాడు. 1,650 చదరపు అడుగులు, అడుగు 8,500 రూపాయలు. ఇది బోర్డు మీద కనిపించే మాట. కింద చిన్న అక్షరాల్లో పద్నాలుగో అంతస్తు గనుక ఫ్లోర్ రైజ్ (ఎత్తుకు తగ్గట్టు వేసే అదనపు చార్జీ), తూర్పు ముఖం గనుక మరికొంత, కారు పార్కింగు, క్లబ్ హౌస్, వీటన్నిటి మీదా 5 శాతం జీఎస్టీ, కార్పస్ ఫండు (నివాసుల ఉమ్మడి నిర్వహణ నిధి), రెండేళ్ల మెయింటెనెన్సు ముందుగానే, ఆపైన రిజిస్ట్రేషనుకు ఏడున్నర శాతం ఉన్నాయి. 1 కోటి 40 లక్షలతో మొదలైన లెక్క కూడుకుంటూ పోతే 1 కోటి 72 లక్షల దగ్గర ఆగింది. అందులో బ్యాంకు అప్పు సుమారు 1 కోటి 12 లక్షలు వస్తుంది, ఎందుకంటే 75 లక్షలు దాటిన గృహరుణాల్లో ఇంటి విలువలో 75 శాతానికి మించి ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది, స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులను ఆ విలువలో కలపనివ్వరు. మిగతా 60 లక్షలు అతను సొంతంగా తేవాలి. ఎనిమిది శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల వాయిదా నెలకు దాదాపు 93,700 రూపాయలు.

అతను ఇప్పుడు అక్కడికి కిలోమీటరు దూరంలో, అంతే విస్తీర్ణమున్న ఫ్లాటులో 38 వేలు అద్దె కడుతున్నాడు. ఆ 60 లక్షలను ఆరున్నర శాతానికి బ్యాంకులో వేసుకుంటే నెలకు 32,500 రూపాయల వడ్డీ వస్తుంది. అంటే అద్దెలో అధిక భాగం ఆ వడ్డీతోనే తీరిపోతుంది, అసలు అలాగే ఉంటుంది. మరో వైపు నుంచి చూస్తే, 1 కోటి 72 లక్షలు పెట్టిన ఇంటి మీద ఏడాదికి వచ్చే అద్దె 4 లక్షల 56 వేలు. ఇది రెండున్నర శాతం కంటే కాస్త ఎక్కువ. ఆస్తి పన్ను, రంగులు, మరమ్మతులు, ఇల్లు ఖాళీగా ఉండే నెలలు తీసేస్తే అది కూడా మిగలదు. ఎనిమిది శాతానికి అప్పు తెచ్చి రెండున్నర శాతం వచ్చే ఆస్తిని కొంటున్నవాడు నష్టపోకుండా ఉండాలంటే, ఆ ఆస్తి ధర ఏటా ఐదు శాతానికి పైగా పెరుగుతూనే ఉండాలి. ధర పెరుగుతుందన్న నమ్మకం మీదే నిలబడిన ధర, పెరుగుదల ఆగిపోయిన కాలంలో కూడా అలాగే నిలబడి ఉందంటే, ఆ ధర ఎక్కువగా ఉన్నట్టే లెక్క. ఇందులో నాకు సందేహం లేదు.

వడ్డీ తగ్గుతోంది కదా అనేవారున్నారు. నిజమే, 2025లో రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 6.5 శాతం నుంచి విడతలవారీగా 5.25 శాతానికి తెచ్చింది. పై ఉదాహరణలో వడ్డీ తొమ్మిది నుంచి ఎనిమిదికి దిగితే నెలవారీ వాయిదా ఏడు వేలు తగ్గుతుంది. అద్దెకూ వాయిదాకూ మధ్య ఉన్న 55 వేల పైచిలుకు తేడాలో ఆ ఏడు వేలు ఎంత?

ఇక ధరలు తగ్గడం లేదన్న మాటకు వస్తాను. బిల్డర్లు చదరపు అడుగు ధరను బాహాటంగా తగ్గించరు, తగ్గించలేరు. తగ్గిస్తే నిరుడు కొన్నవారు ఆఫీసు ముందు కూర్చుంటారు, ప్రాజెక్టు విలువ మీద అప్పిచ్చిన సంస్థలు లెక్కలు తిరగరాస్తాయి. అందుకని తగ్గింపు వేరే దారుల్లో వస్తుంది. మాడ్యులర్ కిచెన్, ఏసీలు ఉచితం. రిజిస్ట్రేషన్ ఖర్చు మాదే. ఇప్పుడు 20 శాతం కట్టండి, మిగిలింది తాళాలిచ్చినప్పుడు. అప్పటిదాకా వడ్డీ మేమే కడతాం. ఈ చివరి పద్ధతి కొత్తది కాదు. నిర్మాణ దశలతో సంబంధం లేకుండా అప్పు మొత్తాన్ని ముందుగానే బిల్డరుకు ఇచ్చేయడంలో ఉన్న ప్రమాదాన్ని 2013లోనే రిజర్వు బ్యాంకు గుర్తించి బ్యాంకులను హెచ్చరించింది. వడ్డీ బిల్డరు కట్టే పథకాలకు దూరంగా ఉండమని 2019లో నేషనల్ హౌసింగ్ బ్యాంకు గృహరుణ సంస్థలకు చెప్పింది. మా మేనల్లుడు ఆ షీటు మడిచి లేవబోతుండగా, అక్కడి సేల్స్ అబ్బాయి ‘సార్, ఈ ఆదివారంలోగా బుక్ చేస్తే పార్కింగు, క్లబ్ హౌస్ చార్జీలు మేనేజ్‌మెంటుతో మాట్లాడి తీసేయిస్తాను’ అన్నాడట. అంటే ఎనిమిది లక్షలు ఒక్క మాటతో పోయాయి. బోర్డు మీద మాత్రం 8,500 అలాగే ఉంది. ఆ బోర్డునే మన పత్రికలు ధర అని ప్రచురిస్తున్నాయి.

పాత ఫ్లాట్ల సంగతి మరీ దయనీయం. అమ్మాలనుకున్న యజమాని పక్క బ్లాకులో ఎవరో చెప్పిన ధరను తన ధరగా పెట్టుకుని నెలల తరబడి కూర్చుంటాడు. అప్పు తీరిపోయి ఉంటే అతనికి తొందర లేదు. అప్పు ఉన్నవాడు కొన్న ధరకు తక్కువ ఇవ్వడానికి మనసొప్పక ఆగుతాడు. మన దేశంలో ఇల్లు బ్యాంకుకు అప్పగించేసి అప్పు వదిలించుకునే వీలు లేదు. మిగిలిన బాకీకి రుణగ్రహీతే జవాబుదారీ, పైగా అతని సొంత డబ్బు పాతిక శాతం దాకా అందులో ఉంటుంది. అందుకే అమెరికాలో 2006 తరువాత జరిగినట్టు వేలకు వేల ఇళ్లు ఒక్కసారిగా జప్తై అమ్మకానికి రావడం ఇక్కడ ఉండదు. అక్కడ 2006 నుంచి 2012 లోపు దేశవ్యాప్త సగటు ధర పావు వంతుకు పైగా పడిపోయింది, అందరూ చూశారు. ఇక్కడ ధర కదలకుండా కూర్చుంటుంది, కాలం దాన్ని తినేస్తుంది. కోటిన్నర పలికే ఇల్లు ఆరేళ్ల తరువాతా కోటిన్నరే పలికితే, ఏటా ఐదు శాతం ద్రవ్యోల్బణం లెక్కన దాని అసలు విలువ 1 కోటి 12 లక్షలకు దిగినట్టు. అదీ పావు వంతు పతనమే. కాకపోతే ఎక్కడా వార్తగా రాదు, వాయిదాలు కడుతున్నవాడికి మాత్రమే తెలుస్తుంది.

ఇది ఊహ కాదు, ఈ నగరమే ఒకసారి చూసింది. 2006లో అప్పటి నగరాభివృద్ధి సంస్థ హుడా కోకాపేట భూములు వేలం వేసినప్పుడు ఎకరం 14 కోట్లు దాటిందని ఊరంతా చెప్పుకున్నారు. రెండేళ్లు తిరిగేసరికి ప్రపంచ మాంద్యం వచ్చింది. 2009 జనవరిలో సత్యం కంపెనీ లెక్కల మోసం బయటపడింది. ఆ భూములు పాడుకున్న సంస్థల్లో కొన్ని తమ డబ్బు తమకు ఇప్పించమని కోర్టుకెక్కాయి. ఆ తరువాత కొన్నేళ్ల పాటు మా బ్రాంచికి వచ్చిన దరఖాస్తుల్లో పాత రేట్లే తిరిగి తిరిగి కనిపించేవి. పడిపోయాయని ఎవరూ అనలేదు, పెరిగాయనీ ఎవరూ అనలేకపోయారు.

ఇప్పుడు కూడా వేలాల అంకెలనే రుజువుగా చూపిస్తున్నారు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్‌లో ఎకరం వంద కోట్లు దాటింది. 2025 అక్టోబరులో రాయదుర్గంలో 177 కోట్లు పలికింది. నవంబరులో నియోపోలిస్‌లోనే 151 కోట్లకు చేరింది. స్థలమే అంత పలికితే ఇల్లు తక్కువకు ఎలా వస్తుందని అడుగుతున్నారు. ఈ ప్రశ్నను తిరగేసి అడగాలని నా మనవి. రేపు అడుగు పన్నెండు వేలకో పదిహేను వేలకో అమ్ముకోగలమన్న ఆశతోనే ఈ రోజు స్థలానికి అంత పాడుతున్నారు. ఎకరానికి ఐదు లక్షల చదరపు అడుగులు కట్టినా, 151 కోట్లలో అడుగుకు మూడు వేలు స్థలానికే పోతుంది. ఆ మూడు వేలు ఇంకా రాని కొనుగోలుదారు జేబులోంచి ముందుగానే తీసి లెక్కపెట్టుకున్నవి. వేలం చెప్పేది బిల్డరు ఆశను, జీతం మీద బతికే మనిషి స్తోమతును కాదు.

స్థలం విషయంలో ఇంకో మాట చెప్పక తప్పదు, ఇది ఎవరూ పెద్దగా పట్టించుకోని సంగతి. 2002లో నేను కూకట్‌పల్లిలో కొన్న 1,050 అడుగుల ఫ్లాటు దస్తావేజులో నా అవిభాజ్య వాటా, అంటే భవనం కింది స్థలంలో నా భాగం, 42 గజాలు అని రాసి ఉంది. మా మేనల్లుడు చూసిన 1,650 అడుగుల ఫ్లాటుకు రాసిచ్చేది 31 గజాలు. మన దగ్గర ఎత్తుకు తగ్గట్టు ఖాళీ స్థలం, రోడ్డు వెడల్పు ఉంటే చాలు, ఎంత కట్టాలన్న దానికి వేరే పరిమితి లేదు. అందుకే ఎకరానికి ఐదు లక్షల అడుగులు కట్టే ఆకాశహర్మ్యాల్లో అదే ఫ్లాటుకు వచ్చేది పదహారు గజాలు. కట్టడం ఏటేటా పాతబడుతుంది, విలువ పెరిగేది కింద ఉన్న మట్టికే. ‘హైదరాబాద్‌లో భూమి ధర ఎన్నడూ తగ్గలేదు’ అన్న మాట నమ్మి కోట్లు పెడుతున్నవారు తాము కొంటున్నదాంట్లో భూమి ఎంతో ఒక్కసారి దస్తావేజు నమూనాలో చూసుకోవాలి.

నేను కొనవద్దని చెప్పడం లేదు. పిల్లల బడి, ముసలి తల్లిదండ్రులు, ప్రతి పదకొండు నెలలకూ అద్దె పెంచే యజమాని, వీటన్నిటితో విసిగి సొంత ఇల్లు కావాలనుకోవడం న్యాయమైన కోరిక, దానికి కొంత ఎక్కువ చెల్లించడమూ తప్పు కాదు. ఎంత ఎక్కువ చెల్లిస్తున్నామో తెలియకుండా చెల్లించవలసి రావడమే అన్యాయం. ఎన్నో ఏళ్ల పాటు రిజర్వు బ్యాంకు పది నగరాలకు ప్రకటించిన ఇళ్ల ధరల సూచీలో హైదరాబాద్ లేనే లేదు, ఈమధ్యనే చేర్చారు. నేషనల్ హౌసింగ్ బ్యాంకు సూచీ ఉన్నా అది ఊరు మొత్తానికి వేసిన లెక్క. ఫలానా వీధిలో, ఫలానా ప్రాజెక్టులో గత మూడు నెలల్లో ఇళ్లు ఎంతకు చేతులు మారాయో అది చెప్పదు.

ఆ సమాచారం లేక కాదు. ప్రతి దస్తావేజులో ప్రతిఫలం ఎంతో రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర నమోదవుతుంది, ఈసీ (ఒక ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసుకుంటే ఆ ఒక్క ఆస్తికి ప్రభుత్వ విలువ, ప్రతిఫలం రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. నగదు రూపంలో చేతులు మారే భాగం దస్తావేజులో ఉండదన్నది నాకు తెలియనిది కాదు. అయినా బ్యాంకు అప్పుతో కొన్న ఫ్లాట్లలో నమోదైన అంకె నిజానికి చాలా దగ్గరగా ఉంటుందని నా అనుభవం. కొన్నవారి పేర్లు తీసేసి, ప్రాజెక్టువారీగా, నెలవారీగా ఆ అంకెలను ఎవరైనా చూసుకునేలా పెట్టడానికి ప్రభుత్వానికి కొత్త చట్టం అవసరమైనా అందుకు పూనుకోవాలి. ఇంగ్లండులో 1995 నుంచి జరిగిన ఇళ్ల అమ్మకాల ధరలు అలాగే అందరికీ అందుబాటులో ఉన్నాయి. ఎన్ని ఫ్లాట్లు బుక్ అయ్యాయో మూడు నెలలకోసారి బిల్డరు వెల్లడించాలని 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టంలో ఉంది. ఆ వివరాలు సమయానికి రానప్పుడు జరిమానా వేసి, వచ్చినవాటిని సామాన్యుడు చదువుకోగలిగే పట్టికగా రెరా ప్రాధికార సంస్థ ప్రకటించాలి.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. వారం వారం వచ్చే స్థిరాస్తి పేజీలో ప్రాంతాలవారీగా చదరపు అడుగు ధరలు వేస్తున్నారు. వాటి పక్కనే మరో రెండు గళ్లు వేయండి. అదే ప్రాంతంలో అదే పరిమాణమున్న ఇంటి అద్దె ఒకటి, మీ విలేకరులు ఈసీల నుంచి సేకరించగలిగిన నాలుగైదు నమోదు ధరలు రెండోది. మా మేనల్లుడు ఆదివారం గడువు దాటనిచ్చాడు. ఆ తరువాతి గురువారం ఆ సేల్స్ అబ్బాయే మళ్లీ ఫోను చేసి, అడుగుకు ఎంతైతే మీకు వీలవుతుందో మీరే చెప్పండి సార్ అని అడిగాడు.

భవదీయుడు,
విశ్రాంత బ్యాంకు అధికారి,
కూకట్‌పల్లి, హైదరాబాద్