నల్లేరు వెతికితే దొరకలేదు

సంపాదకులకు నమస్కారం.

హన్మకొండ నయీంనగర్‌లో 2001 నుంచి డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. జెరాక్స్, స్పైరల్ బైండింగ్ కూడా ఉన్నాయి గానీ మా ఇంట్లో పొయ్యి వెలిగింది పీహెచ్‌డీ థీసిస్‌ల వల్లే. పొద్దున పాల్కురికి సోమనాథుడి మీద తెలుగు థీసిస్ ప్రూఫులు, మధ్యాహ్నం పరమాణు భౌతికశాస్త్రం సమీకరణాలు, రాత్రి ఔషధ రసాయనశాస్త్రంవాళ్ల బెంజీన్ వలయాలు. నా చదువు డిగ్రీ వరకే. అయినా టైప్ చేయగా చేయగా కొన్ని విషయాలు ఒంటబట్టాయి. ఇనుము పరమాణువు లోపలి కక్ష్యలోంచి ఎలక్ట్రాన్ ఊడిపోతే పై కక్ష్యలోది ఆ ఖాళీలోకి దిగుతుందట. అప్పుడు వచ్చే ఎక్స్‌రే శక్తి 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. మట్టిలో ఇనుము ఉందో లేదో ఆ అంకెను బట్టి చెప్పేస్తారు. ఒక స్కాలర్ నా షాపులో టీ తాగుతూ చెప్పిన ముచ్చట అది, ఇప్పటికీ మరిచిపోలేదు.

మొన్న జనవరిలో ఫార్మసీ చదివే ఒక అమ్మాయి వచ్చింది. ఆమె పరిశోధన నల్లేరు మీద. కంచెల మీద పాకే నాలుగు పలకల తీగ, ఎముకలు విరిగితే మన పెద్దలు వాడేది. "అన్నా, పాత పుస్తకాల్లో గానీ పల్లె పాటల్లో గానీ దీని గురించి ఎవరన్నా రాసిన్రా? నెట్‌ల ఎంత వెతికినా దొరుకుతలేదు" అని అడిగింది. నాకు వెంటనే గుర్తొచ్చింది. 2007లో నేనే టైప్ చేశాను, కావ్యాల్లో, జానపద గేయాల్లో వచ్చే మొక్కల పేర్ల మీద ఒక తెలుగు థీసిస్. ఆ ఫైలు నా దగ్గరే ఉంది. కంప్యూటర్‌లో 'నల్లేరు' అని కొట్టి వెతికాను. ఏమీ దొరకలేదని చూపించింది.

అప్పుడు ఆ థీసిస్ చేసింది అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో. తెర మీద మనకు ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలు కనిపిస్తాయి. కంప్యూటర్ లోపల మాత్రం అవి తెలుగు కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో, డాలర్ గుర్తుల స్థానాల్లో తెలుగు ముక్కలు అతికించి చేసిన ఫాంటు అది. ఆ పీడీఎఫ్‌లోంచి ఒక వాక్యం కాపీ చేసి చూడండి, అర్థంలేని గీతలూ కామాలూ వస్తాయి. ఇక యంత్రం 'నల్లేరు'ను ఎలా పట్టుకుంటుంది? చివరికి నా జ్ఞాపకమే పనికొచ్చింది. ఆ ఫాంట్లో 'ల్లే' వత్తు సరిగ్గా కూర్చోక నాలుగో అధ్యాయంలో పదిచోట్ల చేత్తో సరిచేశాను. ఆ అధ్యాయం తెరిచి పేజీలు తిప్పుతూ పోతే దొరికింది. ములుగు, ఏటూరునాగారం వైపు పల్లెలు తిరిగి, ఏ ఊళ్లో ఏ మొక్కను ఏమంటారో, దేనికి వాడతారో రాసుకొచ్చిన పేజీలవి. ఆ అమ్మాయి ఫోన్లో ఫొటోలు తీసుకుంటుంటే నాకు సంతోషం కంటే బాధే ఎక్కువైంది. నేను గుర్తుపెట్టుకోని రోజున ఆ పేజీల గతేమిటి?

పాత పుస్తకంలో ఒక్క వాక్యం చాలు. ఒక రసాయనశాస్త్రం థీసిస్ మొదటి అధ్యాయం టైప్ చేసేటప్పుడు తెలిసింది ఇది. చైనాలో తూ యూయూ అనే శాస్త్రవేత్త మలేరియా మందు కోసం పాత వైద్య గ్రంథాలన్నీ తిరగేశారు. నాలుగో శతాబ్దపు గ్రంథంలో, ఒక మొక్కను నీళ్లలో నానబెట్టి రసం పిండి తాగాలని ఉంది. కాచమని లేదు. వేడికి మందు గుణం పోతోందేమోనని ఆమెకు తట్టింది. 1971లో తక్కువ వేడి దగ్గరే ఈథర్‌తో సారం తీశారు, పనిచేసింది. ఆర్టెమిసినిన్ అలా వచ్చింది, 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. ఆ వాక్యం చదవడానికి ఆమెకు దొరికింది కాబట్టి ఇదంతా జరిగింది.

థీసిస్ సాఫ్ట్ కాపీ కూడా ఇవ్వాలని యూజీసీ 2009లోనే నిబంధన పెట్టింది. అవి శోధగంగ అనే ఆన్‌లైన్ థీసిస్‌ల భండారంలోకి వెళ్తున్నాయి. ఇంగ్లిష్‌లో రాసిన భౌతికశాస్త్రం థీసిస్‌లో ఏ మాట వెతికినా క్షణంలో దొరుకుతుంది. పండితారాధ్య చరిత్రలో సోమన పేర్కొన్న తుమ్మెద పదాలు, వెన్నెల పదాల మీద మనవాళ్లు ఏళ్ల తరబడి చేసిన పని మాత్రం అక్కడే ఉండి కూడా లేనట్టే. కొందరైతే ప్రింటు తీసి స్కాన్ చేసి ఇస్తున్నారు. అది వట్టి బొమ్మ. ప్రతి భాష అక్షరానికీ కంప్యూటర్‌లో సొంత సంఖ్య ఇచ్చే పద్ధతి యూనికోడ్. అందులో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. ఇన్నేళ్ల తర్వాత కూడా మన పరిశోధన ఇలా మూగగా పడి ఉండటం నాకు మింగుడుపడటం లేదు.

ఇందులో నా తప్పూ ఉంది. "అను అయితే ప్రింటు అందంగా వస్తుంది సార్" అని స్కాలర్లకు చెప్పింది నాలాంటి వాళ్లమే. గైడ్లూ అదే అడిగేవారు. అందుకే విశ్వవిద్యాలయాలను ఒకటే కోరుతున్నాను. తెలుగు థీసిస్ యూనికోడ్‌లో ఉంటేనే తీసుకోండి. లైబ్రరీలో ఎవరైనా ఒక తెలుగు మాట కొట్టి, ఫైల్లో అది దొరికాకే అప్‌లోడ్ చేయండి. రెండు నిమిషాల పని. పాతవాటిని మార్చడానికి కన్వర్టర్లు ఉన్నాయి. వత్తులు చెదురుతాయి కాబట్టి మనిషి కూర్చుని మళ్లీ ప్రూఫు చూడాల్సిందే. తెలుగు ఎం.ఏ. పిల్లలకు కొద్దిగా డబ్బులిచ్చి చేయించినా వాళ్లకూ ఆసరాగా ఉంటుంది.

నా హార్డ్‌డిస్కుల్లో నలభైకి పైగా తెలుగు థీసిస్‌లు ఉన్నాయి. రాసినవాళ్లు సరేనంటే పైసా తీసుకోకుండా మార్చి ఇస్తాను. ఆ మొక్కల థీసిస్ రాసిన మేడమ్‌కు ఫోన్ చేసి అడిగి, రాత్రిళ్లు షాపు మూశాక మొదలుపెట్టాను. నిన్నటికి 112వ పేజీ అయింది. నల్లేరు ఉన్న అధ్యాయం అయిపోయింది, ఇప్పుడు వెతికితే దొరుకుతోంది.

- ఒక డీటీపీ సెంటర్ నిర్వాహకుడు, నయీంనగర్, హన్మకొండ