బొక్క అతకాలంటే మందు అక్కడే నిలవాలి

హనుమకొండ

బిడ్డా,

ఎముకను పెంచే పెప్టైడ్ల మీద, అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసుల మీద, పని మొదలుపెట్టానని నువ్వు చెప్పినప్పటి నుంచి నీతో ఒక విషయం మాట్లాడాలని ఉంది. నీ ల్యాబ్ టైము, నా డ్యూటీ టైము కలవడం లేదు. అందుకే రాస్తున్నాను.

మా ఎముకల వార్డుకు పరకాల నుంచి, ములుగు వైపు నుంచి బండి యాక్సిడెంట్ కేసులు వస్తూనే ఉంటాయి. కాలి ఎముక విరిగి, చర్మం చీల్చుకుని బయటికి వచ్చి ఉంటుంది. మట్టి, కంకర కడిగి, చచ్చిన ముక్కలు తీసేస్తే మధ్యలో ఖాళీ మిగులుతుంది. రాడ్ వేస్తారు, లేదంటే ఎముకను కదలకుండా పట్టి ఉంచే ఫిక్సేటర్ చట్రాన్ని బయట బిగిస్తారు. నెలలు గడిచినా కొందరికి ఎక్స్‌రేలో ఆ ఖాళీ అట్లనే ఉంటుంది. "సిస్టర్, బొక్క ఎప్పుడు అతుకుతది?" అని అడుగుతుంటే ఏం చెప్పాలి? చివరికి తుంటి దగ్గరి ఎముక తీసి అక్కడ నింపుతారు. బతికున్న కణాలతో వచ్చే ఆ ఎముక మంచిదే. కానీ ఆ రాత్రి చాలామంది నొప్పి అని చూపించేది కాలు కాదు, తుంటి. నీ పని ఆ రెండో గాయాన్ని తప్పించడానికి పనికి రావాలని నా కోరిక.

ఇప్పుడు అసలు మాట. మందు బలం పెంచే ముందు, దాన్ని పెట్టిన చోటే నిలబెట్టడం చూడు.

1965లో అమెరికాలో మార్షల్ ఉరిస్ట్ అనే ఎముకల డాక్టర్, ఖనిజం తీసేసిన ఎముకను జంతువుల కండలో పెడితే అక్కడ కొత్త ఎముక పుట్టిందని చూపించాడు. దాని వెనక ఉన్న, ఎముకను పుట్టించే ప్రొటీన్లకే బీఎంపీ (బోన్ మార్ఫోజెనెటిక్ ప్రొటీన్) అని పేరు వచ్చింది. వాటిలో బీఎంపీ-2కు 2002లో అక్కడ వెన్నెముక ఆపరేషన్లకు, 2004లో గాయం తెరుచుకున్న కాలి విరుపులకు అనుమతి వచ్చింది. తర్వాత మెడ ఆపరేషన్లలో వాడితే కొందరికి ఊపిరి అందనంత వాపు వచ్చింది. 2008లో హెచ్చరిక జారీ చేయాల్సి వచ్చింది. అంత బలమైన ప్రొటీన్‌ను ఎక్కువ మోతాదులో పెట్టి, అది పక్కకు జారితే మనిషి ప్రాణం మీదికే వస్తుంది.

పీ-15ను చూడు. ఎముకలో ఉండే పీచులాంటి ప్రొటీన్ కొల్లాజెన్‌లో కణాలు అతుక్కునే చోటును పోలిన 15 అమైనో ఆమ్లాల ముక్క. దాన్ని ఎముక ఖనిజం మీద అంటించి పెడతారు. కణాలు వచ్చి దాన్ని పట్టుకుంటాయి. 2015లో అనుమతి వచ్చింది కూడా ఆ మెడ ఆపరేషన్‌కే. చిన్న ముక్క కాబట్టి రసాయనికంగా తయారు చేయవచ్చు, పెద్ద ప్రొటీన్‌లా మడతలు చెడిపోతాయన్న టెన్షన్ అంతగా ఉండదు. అంటించకుండా వదిలేస్తే మాత్రం ఎంజైములు కోసేస్తాయి, రక్తం కడిగేస్తుంది.

ఎంతసేపు ఉండాలన్నది కూడా అంతే ముఖ్యం. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లకు ఇచ్చే టెరిపరటైడ్ నీకు తెలుసు. 84 అమైనో ఆమ్లాల పారాథైరాయిడ్ హార్మోన్‌లో మొదటి 34 మాత్రమే అది. రోజుకు ఒక సూది వేస్తే ఎముక పెరుగుతుంది. అదే హార్మోన్ ఒంట్లో రాత్రింబవళ్లు ఎక్కువగా ఉంటే ఎముక కరుగుతుంది. మిరప చేనుకు తడి ఇచ్చి ఆరనిస్తే కాపు వస్తుంది, నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది కదా. నీ పెప్టైడ్‌కు ఏది కావాలో, రోజుకో తడినా, నిలకడగా ఉండడమా, అది ముందే తేల్చుకో. ఒకదానికి నప్పింది ఇంకొకదానికి నప్పదు.

ఇంకొకటి అడుగుతాను. మీరు పరీక్ష చేసేది ఆరోగ్యంగా ఉన్న కుర్ర ఎలుకల మీదే అయితే, వాటి ఎముక త్వరగానే అతుకుతుంది. మా దగ్గర అతకనివాళ్లలో షుగర్ ఉన్నవాళ్లు, బీడీ మానలేనివాళ్లు, గాయం చీము పట్టినవాళ్లు ఎక్కువ. చీములో పెప్టైడ్లను కోసే ఎంజైములు ఇంకా ఎక్కువ ఉంటాయి. మీ గైడ్‌ను ఈ మాట తప్పకుండా అడుగు: షుగర్ ఉన్న ఎలుకలో, చీము పట్టిన గాయంలో ఆ ముక్క ఎన్ని రోజులు నిలుస్తుంది? జవాబు తెలిసాక నాకు రాయి.

అమ్మ